పద్యం ఎక్కడికి పోయింది?

కార్తీక మాసంలో మా సామర్లకోట భీమేశ్వరస్వామి గుళ్లో ప్రవచనాలు వింటూ ఉంటాను. పంచకోశాల మాట వచ్చిందంటే, చెప్పేవారు ఎవరైనా సరే, ఒకే దారిన నడుస్తారు. అన్నమయం, ప్రాణమయం, మనోమయం, విజ్ఞానమయం, ఆనందమయం. ఒక్కోటీ ఒక్కో మెట్టు. అన్నమయం అన్నిటికన్నా కిందిది, ఈ తోలుతిత్తి. దాన్ని విదిలించుకుని పైకెక్కాలి. వినేవాళ్లు తలలూపుతారు. నేను ఊపలేను. భక్తి తక్కువై కాదు. ఉద్యోగకాలమంతా పంచదార ఫ్యాక్టరీ లేబొరేటరీలో గడిపినవాణ్ణి. తిన్నది ఒంట్లోకి వెళ్లి ఏమవుతుందో కొంత చదువుకున్నవాణ్ణి. తెలిసేకొద్దీ ఆ కింది మెట్టు దగ్గరే నా తల వంగుతూ వచ్చింది.

ఫ్యాక్టరీలో చేరగానే నేర్చుకున్న మొదటి సంగతి, నరికిన చెరకు చచ్చిపోదని. గెడ నరికి, ఆకు దులిపి, కట్ట కట్టి బండికెత్తాక కూడా దానిలోని కణాలు ఊపిరి తీస్తూనే ఉంటాయి. ఆకు లేదు గనక కొత్తగా తీపి చేసుకునే దారి లేదు, ఉన్నదాన్నే తినాలి. ఇన్వర్టేజ్ అనే ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. ఆ విడిపోయిన దాంట్లో కొంత గెడ ఊపిరికే ఖర్చయిపోతుంది. కోసిన చోట నుంచి సూక్ష్మజీవులు కూడా చేరి తమ వాటా తాము తీసుకుంటాయి. నరికిన 24 గంటల్లోగా గానుగాడాలని మేం పట్టుబట్టేది అందుకే. క్రషింగు జోరుగా ఉన్న రోజుల్లో గేటు బయట ఎండలో నిలిచిపోయిన బళ్ల సరుకు నుంచి రసం తీసి చూస్తే పోల్, అంటే రసంలోని సుక్రోజు పాలు, పడిపోయి ఉండేది. ఒకసారి పెద్దాపురం వైపు నుంచి వచ్చిన ఒక రైతు నా బల్ల ముందు నిలబడి అడిగాడు.

"నరికేశాక కూడా తగ్గిపోద్దంటారేంటండీ? ఇంకెవరు తింటారండీ పంచదార?"

"చెరుకే తింటోందండీ" అన్నాను.

ఆయన నమ్మలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తినేది ఎవరు? తినబడేది ఏది? చెరకు గెడలో ఆ రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. తైత్తిరీయోపనిషత్తు చివర జ్ఞాని తాను అన్నమూ తానే, అన్నాన్ని తినేవాడూ తానే అని పాడుకుంటూ తిరుగుతాడు. అది పారవశ్యంలో వచ్చిన మాట అని వ్యాఖ్యానిస్తారు. నాకు మాత్రం అది గేటు బయట నిలబడ్డ చెరకు బండి గురించిన సత్యం కూడా.

చెరకులో జరిగేదే మనలోనూ జరుగుతుంది. గ్లూకోజు అణువులో ఆరు కార్బన్లు. కణద్రవంలో పది అంచెల మీద అది మూడేసి కార్బన్ల పైరువేట్ అణువులు రెండుగా విడిపోతుంది. కణం శక్తిని ఖర్చుపెట్టేది ఏటీపీ అనే అణువుల రూపంలో. మొదట తన చేతిలోవి రెండు ఏటీపీలు పెట్టుబడి పెట్టాలి, తర్వాత నాలుగు వస్తాయి. మిగులు రెండు. ఆక్సిజన్ అందితే పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్తుంది. అక్కడ దాని కార్బన్లన్నీ, ఒకటి ముందుగా, మిగతావి 1937లో హాన్స్ క్రెబ్స్ కనిపెట్టిన చక్రంలో పడి, కార్బన్ డయాక్సైడుగా ఊడిపోతాయి. ఆ ఊడే క్రమంలో చేతికొచ్చిన ఎలక్ట్రాన్లు ఒక ప్రొటీను నుంచి మరో ప్రొటీనుకు మారుతూ చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌తో కలిసి నీరైపోతాయి. ఊపిరి తీసేది ఎందుకయ్యా అంటే, ఈ ఎలక్ట్రాన్లను చివర్న పుచ్చుకునేవాడు ఒకడు ఉండాలి గనక.

ఆ దారిలో విడుదలైన శక్తి ప్రోటాన్లను లోపలి పొరకు ఒక పక్కన పోగుచేస్తుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ మాట చెబితే చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ వచ్చింది. పోగైన ప్రోటాన్లు తిరిగి లోపలికి జారేటప్పుడు ఆ పొరలో బిగించి ఉన్న ఒక ఎంజైములోని భాగం నిజంగానే గిర్రున తిరుగుతుంది, తిరుగుతూ ఏటీపీని తయారుచేస్తుంది. ఆ తిరుగుడును 1997లో జపాన్ శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. మొత్తం మీద ఒక గ్లూకోజు అణువుకు 30 దాకా ఏటీపీలు దక్కుతాయి. పట్టుబడని శక్తి వేడిగా పోతుంది. మన ఒంటి వెచ్చదనం అదే.

నన్ను బాగా ఆలోచింపజేసిన లెక్క ఇంకొకటుంది. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ గుప్పెడు, వంద గ్రాములకు మించదు. కానీ రోజు మొత్తంలో తయారై, విరిగి, మళ్లీ తయారయ్యేది మన ఒంటి బరువుతో పోల్చదగినంత. ప్రతి అణువూ రోజులో వందలసార్లు విరిగి అతుక్కుంటుంది. బతుకు అనేది నా దగ్గర నిల్వ ఉన్న సరుకు కాదన్నమాట. నా గుండా పోతున్న ప్రవాహం. పోతున్నంత సేపూ నేనున్నాను. ఈ మాట వైరాగ్య శతకాల్లో వింటే నాకు అంతగా తాకలేదు. ఈ అంకెల్లో చూశాక తాకింది.

మా ఊళ్లో డిస్టిలరీ కూడా ఉండేది. పంచదార గింజ కట్టాక మిగిలిన మొలాసిస్‌ను ఈస్టుతో పులియబెట్టేవారు. గాలి అందని తొట్టిలో ఈస్టు కూడా అదే పది అంచెల్లో గ్లూకోజును విరుస్తుంది. అవే రెండు ఏటీపీలు. పైరువేట్‌ను ఏంచేయాలో తోచని స్థితిలో దాన్ని ఆల్కహాలుగా మార్చి బయట పారేస్తుంది. చెరకు నరికే కూలీ కండరంలో, ఆ చెరకు లాగే ఎద్దు కండరంలో, ఆ మొలాసిస్‌లో మునిగిన ఈస్టులో, చెరకు గెడలో, ఆ పది అంచెలూ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. గీత పదిహేనో అధ్యాయంలో భగవంతుడు తాను సమస్త ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేస్తున్నానంటాడు. మనుషుల్లో అనలేదు, ప్రాణుల్లో అన్నాడు. ఈస్టు తొట్టి మీద వంగి చూసినవాడికి ఆ మాట కొత్తగా అర్థమవుతుంది.

ఇక్కడే ఒక అడ్డంకి ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. పులియడం ప్రాణమున్న ఈస్టు పని, ప్రాణం లేనిదే పులియడం లేదు అని లూయీ పాశ్చర్ గట్టిగా నమ్మాడు. ఆయన పోయిన రెండేళ్లకు, 1897లో, జర్మనీలో ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, రసం తీశాడు. ఆ రసంలో బతికున్న కణం ఒక్కటీ లేదు. పాడవకుండా ఉంటుందని పంచదార కలిపాడు. బుడగలు వచ్చాయి. పులిసింది. 1907లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. పంచదారను విరిచేది ప్రాణశక్తి అనే ఒక ప్రత్యేక పదార్థం కాదని, ఎంజైములని ఆ బుడగలు చెప్పాయి.

దీన్ని చూసి భక్తులు కంగారు పడతారు, లేదా వినిపించనట్టు ఊరుకుంటారు. రెండూ నాకు నచ్చవు. ప్రాణం అంటే ఒంట్లో ఎక్కడో దాగిన ఒక ఆవిరి అనుకుంటే ఆ అభిప్రాయం బుఖ్నర్ చేతిలో పోయింది, పోనివ్వాలి. అయితే ఆ రసం కొన్నాళ్లు బుడగలు తీసి ఆగిపోయింది. అది తన ఆకలి తాను తీర్చుకోలేదు, ఇంకో ఈస్టును కనలేదు. విడి విడి పనులకు ప్రాణం అక్కర్లేదు, ఆ పనులన్నీ ఒకదాన్నొకటి నిలబెట్టుకునే కూర్పునే మనం ప్రాణమంటున్నాం. తైత్తిరీయోపనిషత్తు కూడా ప్రాణం దగ్గర ఆగిపోలేదు కదా. భృగువు తండ్రి వరుణుణ్ణి అడిగి, తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమనుకున్నాడు. తృప్తి కలగక మళ్లీ వచ్చాడు. ప్రాణమనుకున్నాడు. మళ్లీ వచ్చాడు. ప్రాణమే చివరి మాట అని ఆ కుర్రవాడే నమ్మనప్పుడు, బుఖ్నర్ గాజుపాత్ర చూసి మనమెందుకు బెదరాలి?

మా అమ్మ సంగతి చెప్పాలి. అరవై దాటాక ఆమెకు షుగరొచ్చింది. కార్తీక సోమవారాలు మాత్రం మానలేదు. పొద్దున్నే గుడికి వెళ్లొచ్చి, రోజంతా ఏమీ ముట్టకుండా, చుక్క కనబడ్డాకే భోజనం. ఒక సోమవారం అలవాటు కొద్దీ షుగరు మాత్ర వేసుకుంది, ఉపవాసం ఉపవాసమే. మధ్యాహ్నం దేవుడి గదిలో కూర్చుని ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకం చదువుకుంటోంది. ఆమెకు పుస్తకం అక్కర్లేదు, చిన్ననాటి నుంచీ నోటికొచ్చు. ఒక పద్యం రెండో పాదం దగ్గర ఆగింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. నేను వెళ్లి చూసేసరికి మొహమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి మా మేనమామ పేరు పెట్టి పిలిచింది. గ్లాసు నీళ్లలో పంచదార గట్టిగా కలిపి మెల్లగా తాగించాను. పావుగంటకు తేరుకుంది. అడక్కుండానే ఆగిన పాదం దగ్గర అందుకుని పద్యం పూర్తి చేసింది. తర్వాత నన్ను చూసి అడిగింది.

"ఒరే అబ్బాయ్, ఇందాకా ఆ పద్యం ఎక్కడికి పోయిందిరా?"

వేదాంతంలో ఇంత సూటి ప్రశ్న నేనెక్కడా వినలేదు. కలిపిన పంచదార మా ఊరిదే అయి ఉండొచ్చు. దాని పోల్ నేనే చూసి ఉండొచ్చు. అందులో ధూర్జటి పద్యం లేదని నాకు ఖాయంగా తెలుసు. అయినా అది లోపలికి వెళ్లాకే పద్యం బయటికొచ్చింది. ఒంటి బరువులో మెదడు రెండు శాతం, ఖర్చు మాత్రం 20 శాతం. రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజు దానికే కావాలి, తనకంటూ నిల్వ దాదాపు లేదు. ఆ శక్తిలో పెద్ద భాగం నాడీకణాలు లోపలికొచ్చిన సోడియాన్ని మళ్లీ బయటికి తోడుకోవడానికే సరిపోతుంది. తోడకపోతే తర్వాతి సంకేతం పుట్టదు. అమ్మ పద్యం ఎక్కడికీ పోలేదు, లోపల అల్లుకుని అలాగే ఉంది. పలకడానికి కావలసిన ఖర్చుకు లేదు, అంతే.

"అంతే" అన్నాను గానీ, అది చిన్న మాట కాదు. ఏదో అందడం లేదని తనకు తెలుస్తూనే ఉందని అమ్మ తర్వాత చెప్పింది. పద్యం పోయింది, పోయిందని తెలుసుకునేది మిగిలింది. ఆ తెలుసుకునేదే సాక్షి, అది అన్నానికి అతీతం అని పండితులు వెంటనే అంటారు. నేనంత తొందరపడను. పంచదార ఇంకాస్త పడిపోయి ఉంటే ఆ తెలివి కూడా తప్పిపోయేది, అలాంటి రోగుల్ని ఏ ఆస్పత్రిలోనైనా చూడొచ్చు. సాక్షి ఉన్నాడనే నేను నమ్ముతాను. శివుడి ముందు కూర్చున్నప్పుడు ఆ నమ్మకం నాకు ఊపిరంత సహజం. కానీ ఆ సాక్షి ఈ లోకంలో ఒక పద్యం పలకాలన్నా, ఒక తల్లి తన కొడుకును కొడుకుగా గుర్తుపట్టాలన్నా, గ్లాసుడు పంచదార నీళ్లు కావాలి. నమ్మకం కోసం దీన్ని కప్పిపెట్టడం నాకు అపచారంగా తోస్తుంది.

ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత చేయించింది కూడా ఇదే పరీక్ష. పదిహేను రోజులు తిండి మానెయ్, నీళ్లు మాత్రం ఇష్టమైనంత తాగు అన్నాడు. తర్వాత వేదం చెప్పమన్నాడు. పన్నెండేళ్లు గురుకులంలో చదివొచ్చిన కుర్రవాడికి ఒక్క ఋక్కూ తోచలేదు. వెళ్లి అన్నం తినిరా అన్నాడు తండ్రి. తిన్నాక అడిగినవన్నీ చెప్పాడు. మనసు అన్నమయం, చూశావా అన్నాడు తండ్రి. వాదించి చెప్పలేదు, చేయించి చూపించాడు. నిజానికి మాత్రలు వేసుకోని ఆరోగ్యవంతుడు పదిహేను రోజుల్లో అంతగా మరిచిపోడు. ఒక రోజులో కాలేయంలోని గ్లైకోజెన్ నిండుకుంటుంది, తర్వాత కండ కొంత కరిగి గ్లూకోజవుతుంది, కొవ్వు నుంచి కీటోన్లు పుట్టి మెదడుకు సగానికి పైగా అవే ఆసరా అవుతాయి. కథ లెక్క కంటే బాగా తొందరగా నడిచింది. అయినా కథ తీసుకున్న మలుపు సరైనదే.

పైగా ఈ లెక్కలోంచి ఉపవాసం గురించి ఒకటి తేలుతుంది. ఉపవాసమున్నవాడు తినడం మానలేదు. నరికిన చెరకులాగే తనను తాను తింటున్నాడు. నిన్నటి పంటను, మొన్నటి పాలను, ఎవరో వండిపెట్టిన ముద్దను. అన్నం వెలుపలికి ఒక్క అడుగు వేసిన మనిషి లేడు, ఎంతటి తపస్వి అయినా సరే. ఉపవాసానికి అర్థం లేదనడం లేదు నేను. ఇవ్వాళ నేను దేనిమీద నిలబడ్డానో ఆకలి గుర్తు చేస్తుంది, అది పెద్ద అర్థమే. ఆ గుర్తు కోసం మా అమ్మ స్పృహ తప్పేదాకా పోవాల్సిన పని మాత్రం లేదు. మరుసటి సోమవారం నుంచి డాక్టరు చెప్పిన వేళకు పాలూ పండూ తీసుకుంది. మానేసిన భోజనానికి సరిపడా బియ్యం కొలిచి అన్నదానానికి పంపేది. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో ఆమె ఎవర్నీ అడగలేదు.

ఏటీపీ పేరు చెప్పి యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పకపోవడం గోదావరి వాడికి తగదు. 1895లో భీమవరంలో పుట్టారు. అది సోమారామం ఉన్న ఊరు, మా సామర్లకోట కుమారారామంలాగే పంచారామాల్లో ఒకటి. రాజమండ్రిలో చదివారు. కుర్రతనంలో ఆయన కోరిక శాస్త్రం కాదు, సన్యాసం. రామకృష్ణ మఠం వైపు తిరిగారు, తల్లి ఒప్పుకోలేదు, వైద్యం చదివారు. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది పేగుల్లోంచి ఒంటికి పట్టకపోవడమే ఆ జబ్బు. అన్నం ముందున్నా అన్నం దొరకని చావు. మావగారిది మాకు దగ్గర్లోనే ఉన్న అనపర్తి. ఆయన సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ ఇచ్చిన సొమ్ముతోను 1923లో బోస్టన్ చేరారు, మళ్లీ తిరిగి రాలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925 నాటి ఆ పద్ధతిని ప్రపంచంలో ఎన్ని లేబొరేటరీలు వాడాయో లెక్కలేదు. దానితోనే కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను పట్టుకున్నారు. కండరం అలిసిపోతే అది తగ్గుతుంది, సేద తీరితే మళ్లీ చేరుతుంది. 1929లో ఏటీపీని వేరుచేసి ప్రకటించారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా. 1940ల్లో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆసిడ్ తయారైంది, స్ప్రూకు మందైంది. దేహాన్ని వదిలేయాలని బయల్దేరినవాడు దేహం అన్నాన్ని ఎలా వాడుకుంటుందో వెతుకుతూ జీవితం అరగదీశాడు. 1948లో పోయేదాకా అదే పని. ఆయన సన్యాసం తప్పిపోయిందని కొందరంటారు. తప్పిపోలేదనే నేనంటాను.

భృగువు దగ్గరికి మళ్లీ వస్తాను. ఆనందమే బ్రహ్మమని తెలుసుకున్నాక కథ అయిపోయిందని మన ప్రవచనాలు మంగళం పాడేస్తాయి. ఉపనిషత్తు పాడలేదు. ఆ వెంటనే వచ్చే అనువాకాలు మళ్లీ అన్నం గురించే. అన్నాన్ని నిందించకు. పారేయకు. ఎక్కువగా పండించు. బస కోరి వచ్చినవాణ్ణి ఎవర్నీ కాదనకు. ఈ వరస నాకు ఎన్నో ఏళ్లు వింతగానే ఉండేది, పై అంతస్తుకెక్కినవాణ్ణి మళ్లీ వంటింట్లోకి దింపడం ఏమిటని. మా భీమేశ్వరుడు 14 అడుగుల తెల్లని లింగం. పాదం కింది అంతస్తులో, శిరస్సు పై అంతస్తులో. అభిషేకం పైన చేస్తారు. కింద నిలబడి మొక్కినా పైన నిలబడి మొక్కినా రాయి ఒకటే, కిందిది తీసేస్తే పైనేమీ మిగలదు. పంచకోశాలను నేనలాగే చదువుతాను. శంకర భాష్యం అధ్యయనం చేసినవారు ఒప్పుకోకపోవచ్చు. ఆ నాలుగు అనువాకాలు ఆనందం తర్వాత ఎందుకున్నాయో మాత్రం వారు నాకు చెప్పాలి.

గోదావరి లంకల్లో ఈ ఉపనిషత్తును ఆచరించి చూపింది లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు. ఏరు దాటి వచ్చేవాడు ఏ వేళకు తలుపు తట్టినా, ఏ కులంవాడైనా, అన్నం లేదని పంపలేదు. 2024 నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు.

మా కోడలు ప్రభుత్వ బళ్లో పంతులమ్మ. ఆమె తరగతిలో చాలామంది పిల్లలు పొద్దున్న ఏమీ తినకుండా వస్తారు, తల్లిదండ్రులు తెల్లారకుండానే కూలికి పోతారు గనక. ఇంటి దగ్గర గడగడా చెప్పిన ఎక్కం మొదటి పీరియడులో ఏడో మెట్టు దగ్గర ఆగిపోతుందిట. అమ్మ కథ విన్నాక కోడలు ఎక్కాలు ఒప్పజెప్పించుకోవడం మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్చింది. పొద్దుటి పూటకు తన డబ్బుతో అరటిపళ్లు కొనిపెడుతోంది. ఈ నెల నుంచి ఆ పళ్ల ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. "అలాగే మావయ్యగారూ, కానీ రోజుకు నలభై కావాలి, గెలలు చవగ్గా ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి" అంది. రావులపాలెం మార్కెట్లో అడిగి రావాలి.